లోన్ స్టార్ మిషన్

లోన్ స్టార్ మిషన్ అనేది అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య ప్రారంభించిన క్రైస్తవ మిషన్‌కు వచ్చిన వాడుక పేరు. ఈ మాటకు 'ఒంటరి నక్షత్రం' అని అర్థం. దీని ప్రధాన కేంద్రాలు నెల్లూరు, ఒంగోలు. మొదటి ముప్పై సంవత్సరాలలో చెప్పుకోదగిన ఫలితం కనిపించకపోవడం వలన దీనిని మూసివేయాలని మూడు పర్యాయాలు ప్రతిపాదించారు. మూడు పర్యాయాలూ అది మూతపడకుండా నిలిచింది. 1878లో ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందడంతో ఈ మిషన్ పేరు ప్రపంచమంతటా తెలిసింది. కష్టాలలోనూ నిరుత్సాహంలోనూ విశ్వాసాన్ని విడువకపోవడానికి ఉదాహరణగా తెలుగు క్రైస్తవులు ఈ చరిత్రను నేటికీ చెప్పుకుంటారు.

ఓర్పు గురించి క్రైస్తవ భావన

క్రైస్తవ ధర్మంలో 'ఓర్పు' అనే మాటకు కష్టాన్ని మౌనంగా భరించడం అని మాత్రమే అర్థం కాదు. ఫలితం కంటికి కనబడని కాలంలో కూడా చేపట్టిన పనిని కొనసాగించడం, నమ్మినదానిని విడువకపోవడం కూడా ఇందులో ఇమిడి ఉన్నాయి. కొత్త నిబంధనలో పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో శ్రమ వలన ఓర్పు, ఓర్పు వలన నిలకడైన స్వభావం, దాని వలన నిరీక్షణ కలుగుతాయని ఒక క్రమం చెప్పబడింది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం కూడా ఈ విషయాన్నే బోధిస్తాయి. హెబ్రీ పత్రిక విశ్వాస జీవితాన్ని పరుగుపందెంతో పోలుస్తుంది. ఇక్కడ 'నిరీక్షణ' అంటే కేవలం ఎదురుచూడడం కాదు, నమ్మకంతో కూడిన ఆశ. తెలుగు బైబిలు పాఠకులకు ఈ పదం ఈ అర్థంలోనే పరిచితం.

ఈ బోధ ఆచరణలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి లోన్ స్టార్ మిషన్ చరిత్ర ఉపకరిస్తుంది. ఇందులో రెండు రకాల ఓర్పు కనిపిస్తుంది. ఒకటి ఫలితం లేకున్నా పనిని విడువని మిషనరీలది. రెండవది విశ్వాసం స్వీకరించిన తరువాత స్వగ్రామంలోనే ఉండి బాధలు పడిన తెలుగు క్రైస్తవులది. మొదటిదాని గురించి పుస్తకాలు చాలా వ్రాశాయి. రెండవదాని గురించి తక్కువగా వ్రాశాయి.

ప్రారంభం

ఒరిస్సాలో పనిచేస్తున్న ఆంగ్లేయ బాప్టిస్టు మిషనరీ ఆమోస్ సటన్ 1835లో అమెరికాను సందర్శించి, తెలుగువారి మధ్య పని ప్రారంభించవలసిందిగా అక్కడి బాప్టిస్టులను కోరాడు. దీని ఫలితంగా శామ్యూల్ ఎస్. డే దంపతులు 1835 సెప్టెంబరులో బోస్టన్ రేవు నుండి ఓడలో బయలుదేరి, 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరుకున్నారు. అక్కడి నుండి విశాఖపట్టణం వచ్చారు. కొంతకాలం ఉత్తర తీరంలోను, 1837 నుండి మద్రాసులోను ఉన్న తరువాత, తెలుగు ప్రజల నడుమనే ఉండడం మంచిదని తలచి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పెన్నా నదిలో మొదటి తెలుగు వ్యక్తి బాప్తిస్మం పొందాడు. 1844లో నెల్లూరు సంఘం ఏర్పడింది.

సంఘమంటే అప్పటికి గుప్పెడు మంది మాత్రమే. డే పండుగలకు, తిరునాళ్లకు వెళ్లి బోధించేవాడు, కరపత్రాలు పంచేవాడు. ఆయన దంపతులు చిన్న బడి నడిపారు. ఎండలకు, జ్వరాలకు ఆరోగ్యం చెడి 1840 దశకం నడుమ డే స్వదేశానికి వెళ్లవలసి వచ్చింది. ఆయన లేని కాలంలో నెల్లూరు పని స్థానిక సహాయకుల చేతిలోనే ఉంది.

మూసివేత ప్రతిపాదనలు

మొదటి ప్రతిపాదన (1848): పన్నెండు సంవత్సరాల వ్యయానికి తగిన ఫలితం లేదని మిషన్ పాలకవర్గం ఆలోచనలో పడింది. ఆ ధనాన్ని బర్మా దేశానికి మళ్లిస్తే మేలని కొందరు భావించారు. బర్మాలో కరెన్ జాతివారు అప్పటికే పెద్ద సంఖ్యలో క్రైస్తవులవుతున్నారు. అయితే ఆరోగ్యం కొంత కుదుటపడిన డే తిరిగి వెళ్లడానికి సిద్ధపడ్డాడు. లైమన్ జ్యూయెట్ అనే యువకుడు కూడా ముందుకు వచ్చాడు. వీరు 1849లో నెల్లూరు చేరారు.

రెండవ ప్రతిపాదన (1853): న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన వార్షిక సభలలో ఈ ప్రశ్న మరల వచ్చింది. మిషన్ కేంద్రాలను చూపే పటంలో బర్మా ప్రాంతం చుక్కలతో నిండి ఉండగా తెలుగు దేశంలో నెల్లూరు వద్ద ఒకే ఒక్క చుక్క ఉంది. చర్చలో ఒక వక్త దానిని ఒంటరి నక్షత్రమని పేర్కొన్నాడు. ఆ సభకు వచ్చిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ మాటను తీసుకుని ఆ నక్షత్రం ఆరిపోరాదనే భావంతో ఒక గీతం వ్రాశాడు. అమెరికా దేశభక్తి గీతాలలో ఒకటైన 'అమెరికా' కూడా ఈయన రచనే. గీతం సభికులను కదిలించింది. మిషన్ కొనసాగింది, దానికి లోన్ స్టార్ అనే పేరు స్థిరపడింది. అదే సంవత్సరం డే అనారోగ్యం వలన భారతదేశాన్ని శాశ్వతంగా విడిచి వెళ్లాడు.

మూడవ ప్రతిపాదన (1862): ఈసారి ప్రావిడెన్స్ నగరంలో జరిగిన సభలలో మూసివేత తీర్మానం వచ్చింది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్నది, విరాళాలు తగ్గాయి. విశ్రాంతి కోసం స్వదేశానికి వస్తున్న జ్యూయెట్ మాట వినేవరకు ఆగుదామని కార్యదర్శి జోనా వారెన్ కోరాడు. జ్యూయెట్ తన ఆరోగ్యం బాగుగా లేకపోయినా, ఎవరూ తోడు రాకపోయినా తాను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే బ్రతికి అక్కడే చనిపోతానని చెప్పాడు. అట్లయితే ఆయనను సమాధి చేయడానికైనా మరొకరిని పంపక తప్పదని వారెన్ బదులిచ్చాడని మిషన్ చరిత్రలలో ప్రసిద్ధి. అలా పంపిన వ్యక్తి జాన్ ఎవరెట్ క్లౌ. ఈయన 1865 ఏప్రిల్‌లో నెల్లూరు చేరాడు.

ఒంగోలు ప్రార్థన కొండ

రెండవ ప్రతిపాదన తరువాత, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు వ్యక్తులు ఒంగోలు పట్టణానికి పైనున్న కొండ ఎక్కి ప్రార్థన చేశారు. వారు జ్యూయెట్ దంపతులు, నరసు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒంగోలుకు ఒక మిషనరీ రావాలన్నది వారి ప్రార్థన. అది నెరవేరడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ కొండను ప్రార్థన కొండ అని పిలుస్తారు.

ఈ సంఘటనలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు, వారిలో ఇద్దరు స్త్రీలు. మిషన్‌ను మూయాలా వద్దా అని దూరదేశంలో చర్చ జరుగుతున్న కాలంలో వారు ఇక్కడే ఉన్నారు. సభల తీర్మానం ఎలా ఉన్నా మిషనరీలకు వెళ్లడానికి స్వదేశం ఉంది. స్థానిక క్రైస్తవులకు ఈ ఊళ్లు తప్ప వేరే చోటు లేదు.

ఎర్రగుంట్ల పేరయ్య

ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవ ఉద్యమం విస్తరించడానికి ముఖ్య కారకుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఈయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ల దూరంలోని తాళ్ళకొండపాడు ప్రాంతం వాడు. క్రైస్తవం గురించి వినడానికి ముందే యోగ సంప్రదాయానికి చెందిన గురువుల వద్ద బోధ పొంది, తన వారిలో గురువుగా గౌరవం అందుకున్నాడు. వ్యాపారం నిమిత్తం ఉత్తరంగా వెళ్లినప్పుడు ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ ద్వారా క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో ఒంగోలులో జ్యూయెట్ చేత ఆయన, ఆయన భార్య బాప్తిస్మం పొందారు.

1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్లగా పేరయ్య బోధ విని సిద్ధపడి ఉన్న 28 మంది బాప్తిస్మం పొందారు. ముప్పై ఏళ్లలో నెల్లూరులో సభ్యులు కొద్ది పదుల సంఖ్యకు మించకపోగా, ఇక్కడ ఒక్క పర్యటనలోనే ఇంతమంది చేరారు. ఇందుకు కారణం స్పష్టం. ఇక్కడ బోధించినది పరదేశి కాదు, స్వంత మనిషి. వార్త బంధుత్వాల ద్వారా ఒక పల్లె నుండి మరొక పల్లెకు పాకింది.

ఇది మిషన్‌కు ఒక క్లిష్ట సమస్యను తెచ్చిపెట్టింది. మాదిగలను చేర్చుకుంటే అగ్రవర్ణాల వారు రారని పట్టణ ప్రముఖులు హెచ్చరించారు. అప్పటివరకు క్లౌకు వారితో సత్సంబంధాలు ఉండేవి. క్లౌ దంపతులు బైబిలు తెరచి చూడగా ఇద్దరికీ విడివిడిగా మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగమే కనబడిందని క్లౌ తన జీవిత కథలో వ్రాశాడు. లోకం బలహీనులుగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్నది ఆ వాక్యాల భావం. మాదిగలను చేర్చుకోవడానికే వారు నిశ్చయించుకున్నారు.

గ్రామాలలో ఎదురైన కష్టాలు

అప్పటి గ్రామ వ్యవస్థ అర్థమైతే తప్ప ఈ కష్టాలు అర్థం కావు. మాదిగ కుటుంబాలు రైతులకు చెప్పులు, కపిల బానలకు తోలు, పగ్గాలు సమకూర్చేవి. చచ్చిన పశువులను తొలగించడం, జాతరలలో డప్పు కొట్టడం, అధికారులకు వెట్టి చేయడం కూడా వారి విధులే. ప్రతిఫలంగా కళ్లంలో కొంత ధాన్యం దొరికేది. ఈ ఏర్పాటులో ఏ ఒక్క విధిని మానుకున్నా ధాన్యం ఆగిపోయేది.

కొత్తగా చేరినవారి నుండి క్లౌ ముఖ్యంగా మూడు విషయాలు కోరాడు:

* ఆదివారం పని చేయరాదు.
* చచ్చిన పశువుల మాంసం తినరాదు.
* విగ్రహారాధన చేయరాదు.

పైకి చిన్నవిగా కనిపించినా ఈ మూడూ గ్రామ వ్యవస్థను తాకాయి. ఆదివారం పని మానితే కోతల కాలంలో రైతుకు కోపం వచ్చేది. విగ్రహారాధన విడిచినవాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేక జాతర జరగదు. దీని ఫలితంగా అనేక గ్రామాలలో క్రైస్తవులకు పనులు నిలిపివేశారు, బజారులో సరకులు అమ్మలేదు, నీటి వసతికి అడ్డుపడ్డారు. కొన్నిచోట్ల కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. కరణం, మునసబు వంటి గ్రామాధికారులే ఎదురు పక్షాన నిలిచినప్పుడు పేదవాడు ఫిర్యాదు చేసుకునే చోటు దూరాన ఉన్న కచేరీ మాత్రమే.

ఈ ఒత్తిడికి లొంగి వెనుకకు వెళ్లినవారూ ఉన్నారు. నిలిచినవారు చాలావరకు కుటుంబాలుగా, పల్లెలుగా నిలిచారు. ఒంటరిగా ఉన్న ఇంటికి ధాన్యం ఆపడం సులభం, పల్లె మొత్తానికి ఆపితే రైతు పనులు కూడా ఆగిపోతాయి. ఓర్పు వ్యక్తిగత గుణంగానే కాక సమిష్టి బలంగా కూడా పనిచేసిందని దీనివలన తెలుస్తుంది.

ధాత కరువు, బకింగ్‌హాం కాలువ

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని మహా కరువు పీడించింది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున దీనిని ధాత కరువు అంటారు. లక్షలాది ప్రజలు మరణించారు. కరువు వెంట కలరా వచ్చింది. ప్రభుత్వం కరువు పనుల క్రింద మద్రాసు నుండి ఉత్తరంగా సాగే బకింగ్‌హాం కాలువను పొడిగించింది.

క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే పని నేర్చినవాడు. కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. శిబిరం వేసి, బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలాది మందికి కూలి ఇప్పించాడు. సాధారణ కరువు పనులలో కూలీలు మేస్త్రీల తిట్లకు, దెబ్బలకు గురయ్యేవారు. ఇక్కడ ఆ భయం లేదని తెలిసి దూర గ్రామాల నుండి జనం వచ్చారు. విరామ సమయంలో బోధకులు వారితో మాట్లాడేవారు.

ఈ కాలంలో అనేకులు బాప్తిస్మం కోరారు. సహాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని క్లౌ నిశ్చయించుకున్నాడు. సుమారు పదిహేను నెలల పాటు ఈ నియమం పాటించాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశ్యం.

1878 బాప్తిస్మములు

సహాయ ధనం అయిపోయిన తరువాత, 1878 జూన్‌లో ఒంగోలుకు ఉత్తరంగా సుమారు పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్దకు క్లౌ క్రైస్తవులను పిలిపించాడు. ఇక సహాయం లేదని చెప్పడమే ఆయన ఉద్దేశ్యం. పిలవని వారు కూడా వేల సంఖ్యలో వచ్చారు. తమకు ధనం అవసరం లేదని, బాప్తిస్మం కావాలని వారు పట్టుబట్టారు. బోధకులు తమ తమ ప్రాంతాల వారిని ఒక్కొక్కరిని గుర్తించి, ప్రశ్నించి, పేర్లు నమోదు చేశారు.

మూడు రోజుల వివరాలు:

* జూలై 2: 614 మంది
* జూలై 3: 2,222 మంది
* జూలై 4: 700 మంది
* మొత్తం: 3,536 మంది

ఈ బాప్తిస్మములను తెలుగు బోధకులే ఇచ్చారు. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచారు. 1878 సంవత్సరం మొత్తం మీద బాప్తిస్మం పొందినవారు 9,606 మంది.

విమర్శలు, భిన్నాభిప్రాయాలు

ఈ ఉద్యమాన్ని గురించి మూడు విధాల వివరణలు ఉన్నాయి. విశ్వాసులు దీనిని దీర్ఘకాల ప్రార్థనకు జవాబుగా భావిస్తారు. విమర్శకులు దీనిని కరువు కాలపు అవసరంగా చూస్తారు. సామాజిక చరిత్రకారులు అణగారిన ప్రజలు ఆత్మగౌరవం కోసం చేసిన ప్రయత్నంగా దీనిని వివరిస్తారు.

కరువే కారణమన్న వాదనను పరిశీలించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఉద్యమం కరువుకు పదేళ్ల ముందే పేరయ్య ద్వారా మొదలైంది. రెండవది, సామూహిక బాప్తిస్మములు సహాయం ఆగిన తరువాతనే జరిగాయి. అయితే కరువులో దొరికిన ఆదరణ జనం మనసులను ప్రభావితం చేయలేదని కూడా అనలేము. కష్టకాలంలో తమను మనుషులుగా చూసినవారిని నమ్మడం సహజం.

మరొక విమర్శ సంఖ్యల గురించి. ఇంత పెద్ద సంఖ్యలో చేరినవారికి తగిన బోధకులు, ఉపాధ్యాయులు లేరు. ఈ లోటు తీర్చడానికి 1872లో స్థాపించిన రామాయపట్నం వేదాంత పాఠశాల, పల్లె బడులు కృషి చేశాయి. ఈ బడులలో చదివిన మొదటి తరమే తరువాత ఉపాధ్యాయులుగా, నర్సులుగా, బోధకులుగా వెళ్లింది.

పాలమూరు ప్రాంతంలో ప్రభావం

అమెరికన్ బాప్టిస్టుల పని 1870, 1880 దశకాలలో నిజాం రాజ్యంలోని సికింద్రాబాదు, హనుమకొండ, పాలమూరులకు వ్యాపించింది. 1889-90లో రష్యా నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టుల సహకారంతో నల్గొండలో పని ప్రారంభించాడు. 1899లో అమెరికా నుండి కూడా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చారు. వీరి పని నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాలకు చేరింది. 1937లో పాలమూరు, గద్వాల కేంద్రాలు కూడా బాప్టిస్టుల నుండి వీరికి సంక్రమించాయి.

ఈ విధంగా శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఆలయానికి పేరొందిన వనపర్తి సంస్థానంలోను, పొరుగున ఉన్న గద్వాల సంస్థానంలోను కూడా పల్లె సంఘాలు ఏర్పడ్డాయి. వర్షాభావం, కరువు, వలస కూలి జీవితం ఈ ప్రాంత ప్రజలందరికీ ఉమ్మడి అనుభవాలు. పాలమూరు కూలీలు పనులకై దూరప్రాంతాలకు వెళ్లడం ప్రసిద్ధమే. ఇటువంటి చోట సంఘాన్ని నిలుపుకోవడమే ఒక ఓర్పు.

తరువాతి పరిణామాలు

బాప్టిస్టు సంఘాల పాలన క్రమంగా తెలుగువారి చేతికి వచ్చింది. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమాఖ్య ఏర్పడింది. ఒంగోలులో జ్యూయెట్ స్మారక చర్చి, క్లౌ స్మారక ఆసుపత్రి ఆ కాలపు గుర్తులు. జ్యూయెట్ తెలుగు బైబిలు అనువాద సవరణలో కూడా పాలుపంచుకుని 1897లో మరణించాడు. క్లౌ 1910లో అమెరికాలో మరణించాడు. ఆయన జీవిత కథను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పూర్తిచేసి 1914లో ప్రచురించింది. మాదిగల జీవితం గురించి ఆమె 1899లో ప్రచురించిన గ్రంథం పేరయ్య వంటివారి పూర్వ కథలను నమోదు చేసింది.

స్వాతంత్ర్యానంతరం ఈ సంఘాలకు మరొక పరీక్ష ఎదురైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దీనిని విస్తరించారు కాని, క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గంగా పరిగణించారు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. దీనివలన విశ్వాసాన్ని కాగితం మీద చెప్పుకోవాలా వద్దా అన్నది అనేక పేద కుటుంబాలకు బిడ్డల చదువు, ఉద్యోగాలతో ముడిపడిన ప్రశ్న అయింది. కళ్లంలో ధాన్యం ఆగిపోయిన నాటి కష్టానికి ఇది మరొక రూపమని చెప్పవచ్చు.

ప్రాముఖ్యత

లోన్ స్టార్ మిషన్ కథను సాధారణంగా 1878 జూలై 3తో ముగిస్తారు. అందువలన ఓర్చినవారికి చివరకు గొప్ప సంఖ్యలు లభిస్తాయనే అభిప్రాయం కలగవచ్చు. కాని చరిత్రలో అందరికీ ఆ దినం దక్కలేదు. శామ్యూల్ డే 1871లోనే మరణించాడు, ఒంగోలు బాప్తిస్మముల వార్త ఆయన వినలేదు. కొండపై ప్రార్థించిన జ్యూయెట్ దంపతులకు ఆ సంతోషం లభించింది. గ్రామాలలో ధాన్యం కోల్పోయి నిలిచిన కుటుంబాలకు జూలై 3 తరువాత కూడా అవే పొలాలు, అదే కరణం. క్రైస్తవ బోధలో ఓర్పుకు ఫలితం షరతు కాదు. ఫలితం చూడకుండానే నిలిచినవారి ఓర్పు, చూసినవారి ఓర్పు సమానమేనని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.

ఇవి కూడా చూడండి

* ఒంగోలు
* బకింగ్‌హాం కాలువ
* గుండ్లకమ్మ నది
* వనపర్తి సంస్థానం
* ధాత కరువు